టెస్టోస్టెరాన్ పరీక్ష, బూస్టర్ డబ్బా, ఆన్‌లైన్ క్లినిక్: హైదరాబాద్‌లో మీ డబ్బు దేనికి పెట్టాలి?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఏ మెడికల్ షాపుకెళ్లినా కౌంటర్ మీద కంటికి ఎదురుగా మగవాళ్ల 'టెస్టో బూస్టర్' డబ్బాలు పేర్చి ఉంటున్నాయి. ఫోన్లో డయాగ్నస్టిక్ యాప్ తెరిస్తే 'మెన్స్ హార్మోన్ ప్యాకేజీ' పైకొస్తుంది. రెండు వీడియోలు చూస్తే చాలు, మూడోది 'అలసటగా ఉందా? మీ టెస్టోస్టెరాన్ తగ్గిందేమో' అని అడిగే ప్రకటన. (టెస్టోస్టెరాన్ అంటే మగవాళ్లలోని ప్రధాన లైంగిక హార్మోన్.) మూడూ కలిపితే నెలకు మూడు నాలుగు వేలు ఇట్టే ఖర్చవుతాయి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే పరీక్ష, మూలికల డబ్బా, ఆన్‌లైన్ మెన్స్ క్లినిక్ అనే ఈ మూడింటినీ విడివిడిగా తూచి చెబుతున్నాం. పద్ధతిగా ఇచ్చిన ఉదయపు రక్తపరీక్షకు పెట్టే డబ్బు సార్థకం. డబ్బాకు పెట్టేదానిలో చాలాభాగం వృథా. ఆన్‌లైన్ క్లినిక్ విషయంలో మాత్రం జాగ్రత్త.

ముందు పరీక్ష సంగతి

హైదరాబాద్‌లో ప్రైవేటు ల్యాబుల్లో టోటల్ టెస్టోస్టెరాన్ ఒక్కటే చేయించుకుంటే చాలాచోట్ల వెయ్యి రూపాయల లోపే అవుతుంది. హోమ్ కలెక్షన్ చాలా పేటలకు ఉంది. సేవ సౌకర్యంగానే ఉంటుంది గానీ, ఈ పరీక్ష ఫలితం రక్తం తీసిన గంటను బట్టి మారిపోతుంది. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకు అలవాటుపడ్డ కలెక్షన్ బాయ్ ఈ తేడా పట్టించుకోడు. మనమే పట్టించుకోవాలి.

టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున, ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగుతుంది. కుర్రవాళ్లలో ఈ తేడా పాతిక శాతం దాకా ఉండొచ్చు. వయసు మీరేకొద్దీ తగ్గుతుంది. అంటే 30 ఏళ్ల మనిషికి ఉదయం 8కి 380 (డెసీలీటర్ రక్తానికి నానోగ్రాముల్లో) వచ్చే విలువ, సాయంత్రం 5కి 300 దిగువన కనపడవచ్చు. అదే మనిషి, అదే రోజు, ఒక రిపోర్టులో మామూలు, ఇంకో రిపోర్టులో 'లో'. కాబట్టి స్లాట్ బుక్ చేసేటప్పుడు ఉదయం 7 నుంచి 10 లోపే ఎంచుకోండి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను, పదకొండున్నరకు వస్తానని ఫోన్ వస్తే ఆ రోజుకు రద్దు చేసి మర్నాటికి మార్చుకోండి. ఆలస్యపు శాంపిల్ ఇచ్చి, తర్వాత మళ్లీ డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవడం కంటే అదే నయం.

నైట్ షిఫ్టు వాళ్లకు గడియారం లెక్క కుదరదు. రాత్రంతా మేల్కొని ఉదయం 8కి శాంపిల్ ఇస్తే అది వాళ్ల శరీరానికి సాయంత్రంతో సమానం. అసలు నిద్ర ముగించి లేచిన రెండు గంటల లోపు ఇవ్వాలి. వీలైతే షిఫ్టు మారి, వరుసగా కొన్ని రాత్రులు సరిగ్గా నిద్రపోయాక ఇస్తే ఇంకా మంచిది. ఐటీ కారిడార్‌లో చాలామంది చేతుల్లో ఉన్న 'లో టీ' (టెస్టోస్టెరాన్ తక్కువ) రిపోర్టులు ఈ ఒక్క కారణంగా మరోసారి చూడదగినవి.

పరగడుపున ఇవ్వాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూసిన పరిశోధనలో కాసేపటికే టెస్టోస్టెరాన్ దాదాపు పాతిక శాతం పడిపోయింది. నిద్రలేవగానే తీపి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిని 'కాస్తే కదా' అనుకుంటే కుదరదు. మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు రాత్రి మద్యం వద్దు, ఆ ఉదయం జిమ్ వద్దు. డెంగీ, టైఫాయిడ్, పెద్ద జ్వరం, ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఆగండి. ఒంట్లో జబ్బు ఉన్నప్పుడు మెదడు ఈ హార్మోన్ తయారీని తానే తగ్గించేస్తుంది. అప్పుడు తీసిన అంకె ఆ జబ్బు గురించి చెబుతుంది, మీ మామూలు స్థితి గురించి చెప్పదు.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది: బయోటిన్. జుట్టు రాలడానికి వాడే బిళ్లల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. కొన్ని కంపెనీల యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడుకుంటాయి. మీ రక్తంలోనూ అది దండిగా ఉంటే లెక్క తప్పుతుంది. టెస్టోస్టెరాన్ లేని ఎక్కువ చూపిస్తుంది, ఎల్‌హెచ్ (వృషణాలను పనిచేయించే హార్మోన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) లేని తక్కువ చూపిస్తాయి. ఈ మూడూ ఒకేసారి ఇలా వస్తే డాక్టర్‌కు 'టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడా' అన్న అనుమానం కూడా రావచ్చు. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు ఆ బిళ్లలు ఆపేయండి.

ప్యాకేజీలో ఏముండాలి, ఏం అక్కర్లేదు

'80 పరీక్షలు, 1999 మాత్రమే' రకం ప్యాకేజీలో టెస్టోస్టెరాన్ ఒక మూలన ఉంటుంది. మిగతావి సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్ భాగాలను విడగొట్టి లెక్కపెట్టినవి. అవి పనికొచ్చేవే గానీ హార్మోన్ ప్రశ్నకు జవాబివ్వవు. మొదటిసారికి టోటల్ టెస్టోస్టెరాన్ ఒక్కటి చాలు. అది తక్కువొస్తేనే రెండోసారి ఉదయం అదే పరీక్షతో పాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (వీర్యకణాల తయారీకి సంబంధించిన హార్మోన్), ప్రొలాక్టిన్ (పిట్యూటరీ గ్రంథి హార్మోన్), టీఎస్‌హెచ్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ (రెండూ రక్తంలోని ప్రొటీన్లు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించాలి.

రెండోసారి ఎందుకంటే, ఒకసారి తక్కువొచ్చినవాళ్లలో చెప్పుకోదగినంత మందికి మర్నాడో, మరో వారమో మామూలుగా వస్తుంది. హార్మోన్ నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు లక్షణాలు, వేర్వేరు రోజుల్లో పరగడుపు ఉదయం తీసిన రెండు తక్కువ ఫలితాలు, ఈ రెండూ ఉంటేనే లోపమని తేల్చమంటున్నాయి. ఒక్క రిపోర్టు చూసి మందు రాసేవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చేయండి.

ఎల్‌హెచ్ ఎందుకో కూడా తెలిసి ఉండాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ని పంపి, వృషణాలను టెస్టోస్టెరాన్ తయారుచేయమంటుంది. టెస్టోస్టెరాన్ తక్కువ, ఎల్‌హెచ్ ఎక్కువ ఉంటే ఆదేశం వెళ్తున్నా వృషణాలు పనిచేయలేకపోతున్నాయి. చిన్నప్పుడు గవదబిళ్లలు వృషణాలకు దిగినవాళ్లు, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌తో (ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటం) పుట్టినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. రెండూ తక్కువుంటే పైనుంచి వచ్చే ఆదేశమే బలహీనం. బరువు, నిద్రలేమి, స్టెరాయిడ్ మాత్రలు, ట్రామడాల్ లాంటి నొప్పి మందులు, ప్రొలాక్టిన్ పెరగడం, అరుదుగా పిట్యూటరీలో గడ్డ దీనికి కారణాలు. ఈ తేడా చెప్పని రిపోర్టు సగం రిపోర్టే.

ఎస్‌హెచ్‌బీజీ అనేది రక్తంలో టెస్టోస్టెరాన్‌ను గట్టిగా పట్టుకుని మోసే ప్రొటీన్. బొజ్జ, షుగర్ ఉన్నవాళ్లలో ఇది తగ్గుతుంది. అప్పుడు టోటల్ అంకె 260, 280 దగ్గర కనపడినా, కణజాలానికి అందే విడి టెస్టోస్టెరాన్ సరిపడా ఉండొచ్చు. వయసు పైబడినవాళ్లలో, కాలేయ జబ్బులో, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నప్పుడు ఇది పెరిగి, టోటల్ బాగానే కనపడినా విడి భాగం తక్కువ కావచ్చు. అందుకే అంచు మీద ఉన్నవాళ్లకు ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్‌లతో లెక్కకట్టిన ఫ్రీ (విడి) టెస్టోస్టెరాన్ కావాలి. ల్యాబ్ మెనూలో 'ఫ్రీ టెస్టోస్టెరాన్' పేరుతో నేరుగా కొలిచే చవక పరీక్ష ఒకటుంటుంది. దాని మీద ఆధారపడొద్దు, దాని కచ్చితత్వం బాగా తక్కువని హార్మోన్ నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు.

రిపోర్టు చేతికొచ్చాక మొదట యూనిట్ చూడండి. ఒక ల్యాబ్ డెసీలీటర్‌కు నానోగ్రాముల్లో ఇస్తుంది, ఇంకోటి మిల్లీలీటర్‌కు ఇస్తుంది, మరోటి నానోమోల్‌లో ఇస్తుంది. 300, 3.0, 10.4 మూడూ దాదాపు ఒకే విలువ. '10.4 ఏంటి, ఇంత తక్కువా' అని కంగారుపడి డబ్బా కొన్నవాళ్లున్నారు. తర్వాత పద్ధతి చూడండి. సీఎల్‌ఐఏ, ఈసీఎల్‌ఐఏ అంటే మామూలు యంత్రం, ఎల్‌సీ-ఎంఎస్ అంటే మరింత కచ్చితం, ఖరీదూ ఎక్కువ. మామూలు స్థాయిల్లో సీఎల్‌ఐఏ సరిపోతుంది. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించుకోవడం ముఖ్యం. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ల్యాబుకు ఉంటే చాలదు, ఈ పరీక్ష కూడా ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో అడగండి.

హద్దుల విషయానికొస్తే, బరువు మామూలుగా ఉన్న 19 నుంచి 39 ఏళ్ల మగవారికి 264 నుంచి 916 అన్న పరిధిని 2017లో ప్రచురించారు. అమెరికన్ యూరాలజీ వైద్యులు 300ని గీతగా పెట్టుకున్నారు, అంతకు దిగువైతే తక్కువ. 450 వచ్చినవాడికి 700 కావాలనిపించడం వీడియోల పుణ్యమే. ఈ పరిధి లోపల అంకె పెరిగితే బలం, కోరిక, మగతనం అదే నిష్పత్తిలో పెరుగుతాయనుకోవడానికి ఆధారం లేదు.

డబ్బా తెరిచి చూస్తే

లేబుల్‌పై 'ప్రొప్రైటరీ బ్లెండ్ 1000 మిల్లీగ్రాములు' అని ఒకే అంకె రాసి, కింద పది మూలికల పేర్లుంటే అక్కడే ఆపేయండి. ఏది ఎంత ఉందో తెలియని సరుకుకు మోతాదు అన్న మాటే వర్తించదు.

అశ్వగంధకు మిగతావాటికంటే కాస్త బలం ఉంది. 2015లో అచ్చయిన ఒక భారతీయ ట్రయల్‌లో 57 మంది కుర్రవాళ్లకు వ్యాయామం చేయిస్తూ 8 వారాలు చూశారు. 300 మిల్లీగ్రాముల వేరు సారం రోజుకు రెండుసార్లు తీసుకున్నవారిలో సగటున 96 నానోగ్రాములు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 18 పెరిగింది. చిన్న ట్రయల్, తక్కువ కాలం. పైగా ఒక మనిషికి ఒక ఉదయానికీ మరో ఉదయానికీ మధ్య వచ్చే సహజమైన హెచ్చుతగ్గులు కూడా ఇంచుమించు అంతే ఉంటాయి. నిద్ర సరిగా పట్టనివాళ్లకు, ఒత్తిడిలో ఉన్నవాళ్లకు కొంత ఊరట ఇవ్వొచ్చు. వాడదలిస్తే వేరు సారమే ఉన్నది, మిల్లీగ్రాములు స్పష్టంగా రాసినది తీసుకోండి. ఆకు కలిపినది వద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆపి డాక్టర్‌ను కలవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు.

పల్లేరు, అంటే గోక్షుర, దాదాపు ప్రతి డబ్బాలోనూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మగవారిలో, క్రీడాకారుల్లో చేసిన ట్రయల్స్‌లో టెస్టోస్టెరాన్ పెరగలేదు. డి-యాస్పార్టిక్ యాసిడ్ అనే అమినో ఆమ్లం కూడా బరువులెత్తే అలవాటున్నవాళ్లలో పనిచేయలేదు. మెంతి సారం మీద ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. మెంతులు వంటింట్లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. శిలాజిత్ విషయంలో శుద్ధి చేసిన సరుకుతో చేసిన ఒక చిన్న ట్రయల్‌లో కొంత పెరుగుదల కనిపించింది గానీ, బయట ముద్దగా అమ్మేదానిలో సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలుండే ప్రమాదం ఉంది. ల్యాబ్ పరీక్ష పత్రం లేని శిలాజిత్ కొనవద్దు.

జింక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా అవసరమైన ఖనిజం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు కావాలి. అన్నం, పప్పు ప్రధానంగా తినేవారిలో ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను ఒంటికి పట్టనివ్వదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్‌ను తగ్గిస్తాయి. కాబట్టి ఇడ్లీ పిండి పులియడం వల్ల రుచితో పాటు జింక్ కూడా మెరుగ్గా అందుతుంది. మటన్, గుడ్లు, నువ్వులు, గుమ్మడి గింజలు మంచి వనరులు. లోపం ఉన్నవాళ్లకు జింక్ ఇస్తే టెస్టోస్టెరాన్ కోలుకుంటుంది, లేనివాళ్లకు ఇస్తే ఏమీ మారదు. బిళ్ల కొంటే 'ఎలిమెంటల్', అంటే అసలు జింక్, ఎంతో చూడండి. జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములంటే అందులో అసలు జింక్ 50 మాత్రమే, అయినా రోజూ వేసుకోవడానికి అదే ఎక్కువ. 40 దాటిన మోతాదు నెలల తరబడి వేసుకుంటే రాగి తగ్గిపోయి రక్తహీనత, కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. విటమిన్ డి కూడా అంతే, లోపం ఉంటే సరిదిద్దాలి. వారానికో 60,000 యూనిట్ల సాచెట్‌ను డాక్టర్ చెప్పిన వారాలు దాటి ఏళ్లతరబడి తాగేవాళ్లు కాల్షియం పెరిగి కిడ్నీ మీదికి తెచ్చుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం లేబుల్ మీద ఉండదు. 'వేసుకున్న గంటలోనే తేడా' అని ప్రచారం చేసుకునే మూలికల మందుల్లో అంగస్తంభన మందులైన సిల్డెనాఫిల్, టడలాఫిల్ దాచి కలిపినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది. మూలిక ఏదీ గంటలో హార్మోన్‌ను పెంచదు, గంటలో తేడా కనపడితే అది ఈ మందుల పనే అయ్యుండొచ్చు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడే పెద్దాయన అలాంటి గుళిక మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. బేగంబజార్‌లోనో కోఠిలోనో పేరులేని పొట్లం కట్టి ఇచ్చే పొడులకూ ఇదే హెచ్చరిక.

ఆన్‌లైన్ క్లినిక్

పది ప్రశ్నల క్విజ్, వెంటనే 'మీకు లో టీ ఉండొచ్చు' అన్న తీర్పు, నెలవారీ కిట్. ఈ ప్రశ్నాపత్రాలు అలసట, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం అడుగుతాయి. అవి రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్, గురక జబ్బు, పని ఒత్తిడి అన్నిటిలోనూ ఉంటాయి, అందుకే లోపం లేనివాళ్లు కూడా ఇలాంటి క్విజ్‌లో పెద్దసంఖ్యలో పాజిటివ్‌గా తేలతారు. నిజంగా లోపాన్ని సూచించేవి వేరు: కోరిక స్పష్టంగా తగ్గడం, తెల్లవారుజామున అంగస్తంభనలు లేకపోవడం, గడ్డం పెరుగుదల తగ్గడం, రొమ్ములు పెరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం. ఉదయపు రక్తపరీక్ష అడగకుండా కిట్ పంపే సేవకు డబ్బు కట్టవద్దు. వీడియో కాల్‌లో వృషణాల పరిమాణాన్ని ఎవరూ చూడలేరు, ఆ పరీక్ష లేకుండా రోగనిర్ధారణ పూర్తికాదు.

డబ్బా బదులు

నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిందా? అయితే అన్నిటికన్నా బలమైన మందు అక్కడుంది. కొవ్వు కణాల్లోని అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం పైనుంచి వచ్చే ఆదేశాన్ని కుంగదీస్తుంది. టైప్-2 షుగర్ ఉన్న మగవారిలో దాదాపు మూడోవంతు మందిలో ఈ హార్మోన్ తక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఆహారంతో బరువు తగ్గినవారిలో సగటున 80 నానోగ్రాములకు పైగా పెరుగుతుందని పలు అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణ చెబుతోంది. ఎక్కువ తగ్గినవాళ్లకు ఎక్కువ పెరుగుతుంది. 90 కిలోల మనిషి 9 కిలోలు తగ్గడాన్ని లక్ష్యంగా పెట్టుకుని, వారానికి అరకిలో లెక్కన నాలుగైదు నెలలు ఇవ్వాలి. ఆఫీసులో రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదాన్లో రెండు చెంచాల పంచదార అయితే 200 కేలరీలు పంచదారలోంచే వస్తున్నాయి. మొదలుపెట్టడానికి అది సులువైన చోటు. రాత్రి పదకొండున్నరకు ఆర్డరిచ్చే బిర్యానీ రెండోది. అది నిద్రనూ పాడుచేస్తుంది. ఉపవాసాలతో, ప్రొటీన్ మానేసి, నెలకు పది కిలోలు తగ్గే ప్రయత్నం మాత్రం ఎదురుతంతుంది. తీవ్రమైన ఆకలిలో శరీరం ఈ హార్మోన్‌ను తగ్గించేస్తుంది.

నిద్ర గురించి షికాగో విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన చిన్న అధ్యయనం గుర్తుంచుకోదగ్గది. ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రవాళ్లను వారంపాటు రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. ఇంత నష్టాన్ని నమ్మకంగా పూడ్చే గుళిక అంగట్లో లేదు. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరాగినట్టయ్యేవాళ్లు స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను గమనించే పరీక్ష) చేయించుకోవాలి.

వ్యాయామంలో బరువులెత్తాక హార్మోన్ కాసేపు పెరిగి దిగిపోతుంది, అది లెక్కలోకి రాదు. కండ పెరగడం, నడుము తగ్గడం, షుగర్ అదుపులోకి రావడం వల్ల వచ్చేదే నిలుస్తుంది. వారానికి మూడు రోజులు స్క్వాట్, పుషప్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్ లాంటి పెద్ద కండరాల కదలికలు, ఒక్కోటి మూడు సెట్లు, 8 నుంచి 12 సార్లు, దానికి తోడు వారంలో 150 నిమిషాల చురుకైన నడక. కేబీఆర్ పార్కు చుట్టూ నడిచినా, అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఒకటే. సోయా తింటే మగతనం తగ్గుతుందన్న భయం వద్దు, ట్రయల్స్ అన్నీ కలిపి చూసినా అలాంటి ప్రభావం కనపడలేదు. రోజూ ఎక్కువగా తాగే మద్యం మాత్రం వృషణాలను నేరుగా దెబ్బతీస్తుంది.

ఇంజెక్షన్ అనే మాట వస్తే

జిమ్‌లో ఎవరో ఇచ్చే 'టెస్ట్' ఇంజెక్షన్ గురించి పెళ్లికాని, పిల్లలు లేని కుర్రవాళ్లు ఒక్క విషయం తెలుసుకోవాలి. బయటినుంచి టెస్టోస్టెరాన్ వస్తే మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. రక్తంలో అంకె 900 ఉన్నా వృషణాల లోపల అది అడుగంటి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. మగవారికి గర్భనిరోధకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించినది ఈ ఇంజెక్షన్‌నే. ఆపాక కోలుకోవడానికి సగం మందికి మూడు నాలుగు నెలలు పడితే, కొందరికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లలో నిజంగా లోపముంటే ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ డాక్టర్) హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటి వేరే దారులు చూస్తారు.

రుజువైన లోపానికి సరైన డాక్టర్ ఇచ్చే చికిత్స వేరే సంగతి, అది బాగా పనిచేస్తుంది. 2023లో వెలువడిన, ఐదువేల మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ ట్రయల్‌లో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువ కనిపించాయి. మొదలుపెట్టే ముందు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ పరీక్ష), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) చూడాలి, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకు మళ్లీ చూడాలి. హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. ఈ పరీక్షల ఊసెత్తకుండా నెలనెలా సూది పొడిచే చోటుకు వెళ్లవద్దు.

నగరంలో నిమ్స్‌లోనూ ఉస్మానియాలోనూ ఎండోక్రినాలజీ విభాగాలున్నాయి, ప్రైవేటులోనూ ఎండోక్రినాలజిస్టులకు కొదవలేదు. వెళ్లేటప్పుడు రెండు ఉదయపు రిపోర్టులు, రక్తం తీసిన సమయం, మీ షిఫ్టు వేళలు, వాడుతున్న అన్ని మందుల చీటీలు పట్టుకెళ్లండి. బూస్టర్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆ డబ్బాను కూడా సంచిలో వేసుకోండి. పరీక్షలో తేడా ఎందుకొచ్చిందో కొన్నిసార్లు దాని వెనక ఉన్న చిన్న అక్షరాల్లోనే దొరుకుతుంది.